ఎడమ వైపు ఈల

మెడకు తెల్లగుడ్డ చుట్టించుకుని కుర్చీలో కూర్చున్నవాడికి ఆ సెలూన్‌లో మాట్లాడే హక్కు లేదు. గొంతు మీద కత్తి ఆడుతుండగా వాదనకు దిగడం ఎవరికీ క్షేమం కాదని యజమాని ఎప్పుడో పెట్టిన నియమం అది. పోనుపోను అది ఎంతవరకు వెళ్లిందంటే, ఫుట్‌బాల్ చర్చలో ఎవడైనా మరీ మొండికేస్తే మిగతావాళ్లు "నీ గడ్డం పెరిగిందిరా, పోయి కూర్చో" అని కుర్చీలోకి తోసేవారు. చెంపలకు నురుగు పడిందంటే ఇక వాడి వాదన ముగిసినట్టే.

యజమానిని అందరూ విజిల్ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడంటే మైదానం అవతలి స్టాండులో ఉన్నవాళ్లు కూడా తల తిప్పాల్సిందే. సొంత జట్టు గోల్‌కీపర్‌ను సొంత జట్టు స్టాండులోంచి విజిల్ తిట్టినట్టు ఇంకెవరూ తిట్టరు. ఆ గోల్‌కీపర్ స్వయానా ఆయన అల్లుడు.

"పిల్లనిచ్చాను గానీ గోల్‌పోస్టు అప్పజెప్పలేదు" అనేవాడు ఎవరైనా అడిగితే. ఆ ఒక్క మాటతో ఊళ్లో ఆయనకు న్యాయమూర్తికి లేనంత పేరు వచ్చింది.

ఆ ఏడాది ఆటలు ముగిశాయి. జట్టు చివరినుంచి మూడో స్థానంలో నిలవడంతో ఉన్న కోచ్‌ను పంపించేశారు. కొత్త కోచ్ పదవికి రెండు పేర్లు వినిపిస్తున్నాయి. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల కాంట్రాక్టులు కూడా గడువు తీరి, సంతకాల కోసం ఎదురు చూస్తున్నాయి. ఇంకేం, సెలూన్‌లో దువ్వెన కింద పెట్టే తీరిక లేదు.

"ముప్పై మూడేళ్ల స్ట్రైకర్‌కి మూడేళ్ల కాంట్రాక్టా? మూడో ఏడు వాడు పరిగెడతాడా, పాకుతాడా?" అన్నాడు ట్యూషన్ మాస్టారు. ఆయనకు జట్టులో అందరి వయసులూ నోటికి వచ్చు.

"పాకినా మీ గడియ కోచ్‌కి చాలు కదా మాస్టారూ" అన్నాడు బెంచీ మీదున్న ఎలక్ట్రీషియన్. "ఒక గోల్ కొట్టడం, తలుపేసి గడియ పెట్టుకోవడం. ఆ మాత్రం దానికి పరుగెందుకు? నా మాట విని ఆ లాప్‌టాప్ కోచ్‌ని తెమ్మనండి. కుర్రాడు, లెక్క ప్రకారం ఆడిస్తాడు."

"ఈ ఏడు తలుపులు బార్లా తెరిచి పడుకున్నందుకేగా అందరూ వచ్చి ఇల్లు దోచుకుపోయింది! మనకి గడియే కావాలి."

"సరే, గోల్‌కీపర్ సంగతేంటి?" అన్నారెవరో. బెంచీ మీదున్నవాళ్లంతా ఒక్కసారిగా విజిల్ వైపు తిరిగారు. ఈ ఘట్టం కోసమే చాలామంది జుట్టు పెరగకపోయినా వస్తారు.

విజిల్ కత్తెరను గాల్లో రెండుసార్లు ఆడించాడు. "మా అల్లుడి సంగతా? కుడి వైపు బంతొస్తే పులి. ఎడమ వైపొస్తే పెళ్లికొచ్చిన చుట్టం. రండి, దయచేయండి, లోపలికెళ్లి కూర్చోండి అని దారిస్తాడు."

సెలూన్ ఘొల్లుమంది. వెంటనే ఆయన వేళ్లు నోట్లో పెట్టి, పైనుంచి కిందికి జారే ఆ పొడుగాటి ఈల వేశాడు. ఈల ఆగగానే అందరూ ఒక్క గొంతుతో "గోడ!" అని అరిచారు. ఒకసారి బంతి ఎడమ వైపు దూసుకుపోతుంటే అల్లుడు కదలకుండా నిలబడ్డాడు. "అటు గోడ ఉందనుకున్నావా నాయనా!" అని విజిల్ స్టాండులోంచి కేకేశాడు. అప్పటినుంచీ బంతి ఎడమకు వెళ్లినప్పుడల్లా ఆయన ఈల వేయడం, స్టాండంతా గోడ అనడం ఆనవాయితీ అయిపోయింది.

ఆ నవ్వుల మధ్యే ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, షాపు కట్టేశాక ఒకసారి ఇటు రా. అమ్మకి చెప్పకు."

*

అల్లుడు హాల్లో నేల మీద, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ కాలు చాపి, మోకాలి మీద తువ్వాల్లో చుట్టిన ఐసుముక్కలు పెట్టుకున్నాడు. తువ్వాలు తడిసి, నీళ్లు పిక్క మీదుగా కారుతున్నాయి. మామగారిని చూసి లేవబోయాడు. లేవలేక నవ్వాడు.

"మెట్లు దిగుతుంటే పట్టేసింది నాన్నా" అంది కూతురు. "మధ్యలోనే కూర్చుండిపోయారు. పక్కింటివాళ్లు చూస్తారని, తాళంచెవి పడిపోయింది వెతుకుతున్నామని చెప్పాను."

విజిల్ వంగి తువ్వాలు తీశాడు. ఆ మోకాలికీ పక్క మోకాలికీ పోలికే లేదు. ఎముక గుర్తు తెలియకుండా వాచి, చర్మం నున్నగా మెరుస్తోంది.

"ఎప్పట్నుంచి బాబూ?"

"ఈ మధ్యే మావయ్యా."

"క్లబ్‌కి తెలీదు" అంది కూతురు. "సంతకం అయ్యాక చెప్తే ఆపరేషన్ వాళ్లే చేయిస్తారు. ముందే తెలిస్తే మంచిది నాయనా వెళ్లిరా అంటారు. ఈ వయసులో మోకాలు పోయిన కీపర్‌ని ఇంకెవరు తీసుకుంటారు? అందుకే పిలిచాను. నీ నోరు కాస్త..."

"నా నోరేం చేసింది?"

"నీ నోటి గురించి నన్ను చెప్పమంటావా నాన్నా?"

చెప్పొద్దన్నట్టు విజిల్ చెయ్యెత్తాడు.

"సంతకాలయ్యేదాకా షాపులో ఈయన ఊసే ఎత్తకు. మంచీ వద్దు, చెడూ వద్దు. ఒట్టెయ్యి."

ఒట్టేశాడు. ఇంటికి నడుస్తూ తన తెలివిని తనే మెచ్చుకున్నాడు. మాట్లాడకపోవడం ఎంత పని! నోరు మూసుకోవడానికి శిక్షణ కావాలా?

*

కావాలని మర్నాడే తెలిసింది.

పొద్దున్నే వార్త వచ్చింది. గడియ కోచ్ ఖాయమయ్యాడు. మాస్టారు సెలూన్ మెట్లు పెళ్లికొడుకులా ఎక్కాడు. ఎలక్ట్రీషియన్ మాత్రం తన ఇంట్లోనే ఫ్యూజు పోయినట్టు మొహం పెట్టాడు.

"ఊరికే సంతకాలు పెట్టనివ్వడట. ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడాకే కాంట్రాక్టు అన్నాడట. మగాడంటే వాడు!" అన్నాడు మాస్టారు. "ఇప్పుడు చెప్పు విజిల్, మన గోడని ఉంచుతాడా, కూలగొడతాడా?"

విజిల్ రేజర్‌లో పాత బ్లేడు తీసి కొత్తది పెడుతున్నాడు. పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. కుర్చీలో ఉన్నాయన్ని "చెంపలు ఎంతదాకా దింపమంటారు?" అని అడిగాడు. ఆయన వేలితో చూపించాడు. విజిల్ నీళ్లు చల్లి దువ్వడం మొదలుపెట్టాడు. బెంచీ మీదున్నవాళ్లు ఎదురు చూస్తున్నారు. సెలూన్‌లో ఫ్యాను చప్పుడు అంత గట్టిగా ఉంటుందని ఆ రోజే అందరికీ తెలిసింది.

"ఏంటన్నా, అల్లుడి గురించి ఏమీ లేదా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ మౌనం విజిల్‌కు అలవాటులేని చొక్కా, చంకల్లో బిగుసుకుపోతోంది. "పాపం, బానే ఆడతాడుగా" అనేశాడు.

మాస్టారి చేతిలోని పేపరు నెమ్మదిగా కిందికి దిగింది. కుర్చీలో ఉన్నాయన నియమం మరిచిపోయి "ఆఁ?" అన్నాడు.

"అన్నా, ఒంట్లో బాగుందా?" అని ఎలక్ట్రీషియన్ నిజంగానే కంగారుపడి అడిగాడు.

సాయంత్రానికి ఊళ్లో పుకార్లకు రెక్కలొచ్చాయి. గోల్‌కీపర్ పక్క ఊరి క్లబ్‌కు అమ్ముడుపోయాడని ఒకరు, భార్యాభర్తలకు గొడవై అమ్మాయి పుట్టింటికి వచ్చేసిందని ఒకరు, కాదు, వాడికేదో గట్టి దెబ్బే తగిలిందని మరొకరు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు అందరూ. జట్టు అభిమానుల ఫోన్ గ్రూపులో అదే గోల. జుట్టు కత్తిరించుకుంటున్నవాళ్ల ఒళ్లో ఆ గ్రూపు తెరిచే ఉంది. విజిల్ వాళ్ల భుజాల మీదుగా చూస్తూ, చదవకుండా ఉండలేక చదువుతూ, ఒకరి మెడ వెనక గీత వంకరగా దించాడు.

కూతురు ఫోన్ చేసింది. "ఏం చెప్పావు నాన్నా?"

"ఏమీ చెప్పలేదమ్మా!"

"అదే. ఏమీ చెప్పలేదట. ఊరంతా అదే మాట!"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ రాత్రి విజిల్ భోజనం దగ్గర కూడా మాట్లాడకపోయేసరికి భార్య ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

*

మర్నాడు క్లబ్ సెక్రటరీ వచ్చాడు. వారానికోసారి వచ్చే మనిషే, కానీ ఆయన వారం ఇంకా తిరగలేదు. అది విజిల్ గమనించాడు.

గుడ్డ కప్పి, మెడ దగ్గర ముడి వేసి, వేడి తువ్వాలు మొహం మీద వేశాడు. తువ్వాలు కిందినుంచి సెక్రటరీ అడిగాడు: "మీ అల్లుడు ఎలా ఉన్నాడు?"

ఇదే అదును అనుకున్నాడు విజిల్. తిట్టాలి. ఎప్పట్లా తిట్టేస్తే అన్నీ సర్దుకుంటాయి. గొంతు సవరించుకున్నాడు. "ఎలా ఉంటాడండీ... ఎడమ వైపు బంతొస్తే... పెళ్లికొచ్చిన..." అని ఆగిపోయాడు. తడితువ్వాలును చూస్తుంటే నిన్నగాక మొన్న చూసిన మరో తడితువ్వాలు, దాని కింద మెరుస్తున్న ఆ చర్మం కళ్లముందు నిలిచాయి. తిట్టు నోట్లోనే ఆరిపోయింది.

"పెళ్లికొచ్చిన?" అన్నాడు సెక్రటరీ.

"అదేనండీ. ఎప్పుడూ చెప్పేదే."

తువ్వాలు తీసి, బ్రష్షుతో నురుగు పూసి, కత్తి ఆనించాడు. గడ్డం కింద వంపు తిరిగే చోట ఎర్రటి చుక్క లేచింది. అప్రెంటిస్ రోజుల తర్వాత విజిల్ చేతిలో ఎవరికీ రక్తం రాలేదు. వెంటనే పటికముక్క అద్దాడు.

సెక్రటరీ అద్దంలో గడ్డం తడుముకున్నాడు. కోపగించుకోలేదు, అదే విజిల్‌ను భయపెట్టింది. లేచి చొక్కా దులుపుకుంటూ అన్నాడు: "రేపు కొత్త కోచ్ ముందుకి మొట్టమొదట మీ అల్లుణ్ణే పిలుస్తున్నాం."

ఆయన వెళ్లాక విజిల్ కాసేపు ఖాళీ కుర్చీని పట్టుకుని నిలబడ్డాడు. కూతురు నోరు మూసుకోమంది. మూసుకుంటే అల్లుడి కాంట్రాక్టుకే ఎసరు వచ్చింది. తను తిడుతున్నంతకాలం ఊళ్లో ఎవరికీ ఏ అనుమానమూ లేదు. రోగం తెచ్చినవాడి దగ్గరే మందు కూడా ఉంది. రేపు ఎలాగైనా ఆ మందు పొయ్యాలి.

*

అల్లుడు తనంతట తానే వచ్చాడు. పొద్దున సెలూన్ నిండుగా ఉన్న వేళ. సెలూన్‌కు రెండే మెట్లు. అతను ఎక్కుతుంటే బెంచీ మీదున్నవాళ్ల కళ్లన్నీ అతని మొహం మీద కాకుండా కాళ్ల మీద ఉన్నాయి. ఎక్కాడు. ఏమీ కానట్టే ఎక్కాడు. పై పెదవి మీద సన్నటి చెమట ఒక్క విజిల్‌కే కనిపించింది.

"గడ్డం చెయ్యండి మావయ్యా. కోచ్‌గారిని కలవాలి."

గుడ్డ కప్పాడు. ఇక అల్లుడికి మాట లేదు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "మరి విజిల్, నువ్వే చెప్పు. కొత్త కాంట్రాక్టు ఇవ్వచ్చా?"

అద్దంలో అల్లుడి కళ్లు మామ కళ్లను కలుసుకున్నాయి. విజిల్ రేజర్ పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇవ్వచ్చా ఏంటి మాస్టారూ, ఇచ్చి తీరాలి! ఇంత చవగ్గా గోడ ఎక్కడ దొరుకుతుంది? ఇటుక అక్కర్లేదు, సున్నం అక్కర్లేదు. చేతికి తొడుగులిచ్చి నిలబెడితే చాలు. మా ఇంటికి భోజనానికొచ్చినా అంతే, ఎడమ పక్క కూర పెడితే ముట్టడు, అటు గోడ ఉందంటాడు! మా అమ్మాయిని కూడా ఇతనికి కుడి పక్కన కూర్చోబెట్టబట్టి పెళ్లయింది గానీ, ఎడమ పక్కన కూర్చుని ఉంటే ఈపాటికి ఇంకొకడి భార్య!"

బెంచీ ఒక్కసారిగా పేలింది. మాస్టారు తొడ చరిచాడు. విజిల్ ఆగలేదు. ఒక చేత్తో గీస్తూ, ఆగి ఆగి అల్లుడి నడకను, నిలబడే తీరును, బంతి పట్టుకునే తీరును దులిపేశాడు. ఇన్నేళ్లలో ఆయన అంత బాగా ఎప్పుడూ తిట్టలేదు. చివర్లో వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. "గోడ!" అని అద్దాలు అదిరేలా అరిచారు. నవ్వీ నవ్వీ ఎలక్ట్రీషియన్ కళ్లు తుడుచుకుంటూ "హమ్మయ్య, అన్న మామూలయ్యాడు" అని ఫోన్ తీసి గ్రూపులో అదే మాట పెట్టాడు.

అల్లుడు కళ్లు మూసుకుని ఉన్నాడు. విజిల్ కత్తి అతని గొంతు మీద సన్నగా వణుకుతోంది. ఎవరూ చూడకముందే మొహం తుడిచి, గుడ్డ విప్పి, పంపేశాడు. అతను మెట్లు దిగుతుంటే అద్దంలోంచి చూస్తూ ఒక్కో మెట్టుకూ తనే పళ్లు బిగించాడు.

*

సాయంత్రం గిరాకీ పలచబడిన వేళ అల్లుడు తిరిగొచ్చాడు. ఈసారి మెట్లు ఎక్కుతూ దాచుకోలేదు. గోడ పట్టుకుని, ఒక్కో కాలూ చేరుస్తూ వచ్చి ఖాళీ బెంచీ మీద కూర్చున్నాడు.

"సంతకం?" అన్నాడు విజిల్.

"లేదు మావయ్యా."

విజిల్ చేతిలోని తువ్వాలు మడతపెట్టాడు. మడత విప్పి మళ్లీ పెట్టాడు.

"ఎవరు చెప్పారు? ఆ సెక్రటరీయేనా? నిన్న నా చెయ్యి..."

"ఎవరూ చెప్పలేదు. లోపలికెళ్లి కూర్చోగానే కోచ్‌గారు ఎడమ మోకాలేనా అని అడిగారు. పోయిన నాలుగైదు ఆటలకి ఆయన చెప్పకుండా వచ్చి మీ ఎదుటి స్టాండులో కూర్చున్నారట. బంతి ఎడమకెళ్లినప్పుడల్లా ఎవరో ఈల వేస్తారు, అందరూ నవ్వుతారు, అసలు వీళ్లు దేనికి నవ్వుతున్నారని నన్నే చూస్తూ ఉన్నారట. కీపర్ ఒక వైపుకి అసలు దూకడం లేదంటే అటు పడితే ఎక్కడో నొప్పన్నమాట, ఇందులో నవ్వడానికేముంది అన్నారు."

విజిల్ కుర్చీ చెయ్యి మీద కూలబడ్డాడు. మూడు రోజులుగా గుండెల్లో దాచుకుని తిరిగిన రహస్యాన్ని తనే ఏళ్ల తరబడి ఊరంతా వినేలా ఈలవేసి చెప్పాడు.

"ఈ మధ్యే అన్నావుగా బాబూ?"

అల్లుడు మోకాలు రుద్దుకున్నాడు. "మీ అమ్మాయి భయపడుతుందని అలా అన్నాను. మీరు గోడ అని పేరు పెట్టకముందు నుంచీ ఉంది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్దామనే అనుకున్నాను మావయ్యా. అప్పటికే అందరూ నవ్వేశారు. ఆ తర్వాత చెప్తే సాకు అనరా?"

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు. ఇక్కడ కొట్టిందీ తనే, నవ్వించిందీ తనే. విజిల్‌కు ఏడవాలనిపించింది. ఏడిస్తే అల్లుడే తనను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాడు.

"ఇప్పుడేమంటారు వాళ్లు?"

"ముందు ఆపరేషన్. అది క్లబ్బే చేయిస్తుంది, అంతవరకు మాటిచ్చారు. ఈలోగా గోల్‌లో రెండో కీపర్ ఉంటాడు. కాలు నిలబడితే అప్పుడు కాంట్రాక్టు గురించి మాట్లాడదామన్నారు."

"నిలబడకపోతే?"

"నిలబడకపోతే లేదు." అతను ఉన్నట్టుండి నవ్వాడు. "పొద్దున మీరు తిడుతుంటే నాకు దిగులేసింది మావయ్యా. ఎంత కష్టపడి తిడుతున్నారో కత్తి వణుకులో తెలిసిపోయింది. ఇంకో సంగతి చెప్పనా? కోచ్‌గారు నా మొహం చూసి, మీ ఊళ్లో మంగళ్లు కూడా ఎడమ వైపు వెళ్లరా అన్నారు."

విజిల్ చప్పున లేచి వచ్చి అతని గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పాడు. ఎడమ దవడ మీద, చెవి కింద, బెత్తెడు మేర గడ్డం అలాగే ఉంది. తిట్టే ఊపులో అటు కత్తే ఆనించలేదు.

అల్లుణ్ణి జబ్బ కింద పట్టి లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. చిన్న స్టూలు తెచ్చి ఎడమ కాలు దాని మీద పెట్టించాడు. మెడకు గుడ్డ చుట్టి, బ్రష్షు తడిపి, ఆ కాస్త చోటా నురుగు పూస్తుండగానే మాస్టారు, వెనకే ఎలక్ట్రీషియన్ వచ్చారు.

"ఏమయింది? సంతకం పెట్టాడా?" అన్నాడు మాస్టారు. స్టూలు మీదున్న కాలు చూసి ఆగిపోయాడు.

ఇద్దరూ విజిల్ వైపు చూశారు. ఎలక్ట్రీషియన్ సగం నవ్వుతో సిద్ధంగా నిలబడ్డాడు. ఈల రాలేదు.

"ఏదో ఒకటి అనవయ్యా విజిల్. నువ్వు మాట్లాడకపోతే భయమేస్తోంది" అన్నాడు మాస్టారు.

"నేను అనాల్సిందానికంటే ఎక్కువే అన్నాను మాస్టారూ."

విజిల్ బ్రష్షు అద్దం ముందు పెట్టాడు. తువ్వాలుతో అల్లుడి దవడ మీది నురుగు తుడిచాడు. తర్వాత కుర్చీని అద్దం వైపు నుంచి బెంచీ వైపు తిప్పాడు. గుడ్డ చుట్టించుకున్నవాణ్ణి అలా బెంచీ వైపు తిప్పడం ఆ సెలూన్‌లో అదే మొదటిసారి.

"నువ్వు చెప్పు బాబూ" అన్నాడు.

అల్లుడు ఒకసారి మామను చూశాడు. గుడ్డ కిందినుంచి చెయ్యి బయటికి తీసి ఎడమ మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇది మొదట ఒక పెనాల్టీ ఆపబోయి పడ్డప్పుడు..." అని మొదలుపెట్టాడు. ఎలక్ట్రీషియన్ వెళ్లి ఫ్యాను ఆపి, వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.